కె. శ్రావణి ఇంట్లో క్రికెట్ పిచ్

1999 జులై. మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల మేడ అప్పటికే లేచింది కానీ, దాని చుట్టూ ఇంకా బండరాళ్లూ సీతాఫలం పొదలే. లింగంపల్లిలో బస్సెక్కి కొత్తగూడ దగ్గర దిగితే, అక్కణ్ణుంచి ఆటో దొరికిన రోజు ఆటో, దొరకని రోజు నడక. మా ఆఫీసు ఆ అద్దాల మేడలో కాదు. దానికి కొంచెం అవతల, కింద శానిటరీ సామాను దుకాణం ఉన్న ఇంటి రెండో అంతస్తులో ఉండేది. మొత్తం పదకొండుమందిమి. ఏసీ ఒక్క సర్వర్ గదికే ఉండేది కాబట్టి, ఎండాకాలంలో ఏదో ఒక వంక పెట్టుకుని అందరం ఆ గదిలోకి వెళ్లి వస్తుండేవాళ్లం.

నేను అక్కడ టెస్టర్‌ని. ప్రోగ్రామర్లు రాసినదాన్ని వాడి చూడటం, ఎక్కడ చెడిపోతోందో పట్టుకుని రాసిపెట్టడం నా పని. ఆ చెడిపోయే చోటునే బగ్ అంటారు. బగ్ కనబడగానే సరిపోదు. ఏం నొక్కితే, ఏ వరసలో నొక్కితే అది వస్తుందో వరసగా రాయాలి. ఆ కాగితం చూసి ప్రోగ్రామర్ తన కంప్యూటర్ మీద అదే తప్పుని మళ్లీ రప్పించగలగాలి. రప్పించలేకపోతే ఆ రిపోర్టు మీద ‘కెనాట్ రీప్రొడ్యూస్’ అని రాసి మూసేస్తారు. అంటే, మేం చేస్తే రావడం లేదు అని.

ఆ ఏడాది మా చేతిలో ఉన్న పని చాలా చిత్రమైనది. చుట్టుపక్కల కంపెనీలన్నీ రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తేదీలు తారుమారవుతాయని వాటిని సరిచేసే హడావిడిలో ఉంటే, మేం ఇంగ్లండులో ఒక క్లయింట్ కోసం పిల్లల ప్రపంచం ఒకటి తయారుచేస్తున్నాం. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు వేరే ఉంది. మేం మాత్రం ‘దీవి’ అనేవాళ్లం. పిల్లలు ఇంటర్నెట్ ద్వారా ఆ దీవిలోకి వెళ్తారు. ప్రతి పిల్లకీ ఒక ఇల్లూ, ఇంటి ముందు కొంచెం నేలా ఇస్తారు. ఆ నేలని కొలుచుకుని మడులు చేసుకోవాలి. చదరపు అడుగుకి ఎన్ని విత్తనాలో లెక్కకట్టి వేసుకోవాలి. లెక్క తప్పితే మొక్క రాదు. ఇంటి గుమ్మం పక్కన ఉత్తరాల పెట్టె ఉంటుంది. ఎక్కడెక్కడి పిల్లలో ఒకళ్లకొకళ్లు ఉత్తరాలు రాసుకోవచ్చు. బొమ్మలు ఇప్పటి పిల్లలు చూస్తే నవ్వేంత మోటుగా ఉండేవి. ఆ రోజుల్లో మాకే నోరు తెరుచుకుని చూడాలనిపించేది.

పిల్లల కోసం చేసినదాన్ని పిల్లల చేత వాడించి చూడకపోతే ఎలా అని, క్లయింట్ శనివారాల పద్ధతి ఒకటి పెట్టాడు. ఇక్కడ మా ఉద్యోగుల పిల్లలు, అక్కడ వాళ్ల ఊళ్లో ఒక లైబ్రరీకి వచ్చే పిల్లలు, ఒకే రోజు దీవిలోకి వెళ్లాలి. మాకు మధ్యాహ్నం రెండున్నర అంటే వాళ్లకి ఉదయం పది. మా దగ్గర ఖాళీగా ఉన్న కంప్యూటర్లు నాలుగే. అందుకని పిల్లల్ని రెండు జట్లు చేశాం. ఆడపిల్లలు రెండున్నర నుంచి, మగపిల్లలు నాలుగు నుంచి.

మా శ్రావణి మొదటి జట్టు. పదేళ్లు, ఐదో తరగతి. ఆ ఏడాదే మేం కాకినాడ నుంచి వచ్చి చందానగర్‌లో ఇల్లు తీసుకున్నాం. బడిలో దానికి ఒక్క స్నేహితురాలూ కుదరలేదు. ప్రతి మాటకీ చివర ‘అండీ’ చేరుస్తుందని క్లాసులో దాన్ని ‘అండీ’ అనే పిలిచేవాళ్లట. ఆ సంగతి అది నాకు చెప్పలేదు, నోటుబుక్కు అట్ట మీద ఎవరో రాస్తే చూశాను.

నిజం చెప్పాలంటే, దాన్ని శనివారాలు ఆఫీసుకి తీసుకెళ్లింది చదువు కోసం కాదు. ఒంటిపూట బడి అయ్యాక ఇంట్లో ఒంటరిగా ఉంచలేక. మా ఆయనకి ఫ్యాక్టరీలో శనివారం కూడా డ్యూటీ ఉండేది. ‘కంప్యూటర్ ముందు కూర్చోబెడితే కళ్లు పాడవుతాయి, ఆటకి అలవాటు పడితే లెక్కలు గాలికి పోతాయి’ అన్నారాయన. నాకూ లోపల ఆ బెంగే. టెస్టర్‌గా దీవి నాకు ముచ్చటైన పని. తల్లిగా మాత్రం, ఇది రేపు మా పిల్ల పుస్తకాల మీద కూర్చునే సమయాన్ని తినేసే వస్తువేమో అనిపించేది.

రెండు శనివారాలు గడిచేసరికి నా బెంగ కొంత తగ్గింది. ఇంట్లో కూరగాయలు తరుగుతుంటే వచ్చి, ‘అమ్మా, పన్నెండడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, చదరపు అడుగుకి మూడు గింజలైతే ఎన్ని కావాలి?’ అని అడిగి, నేను చెప్పేలోపు తనే చెప్పేసేది. ఎక్కాల పుస్తకం తీయమంటే ఏడ్చే పిల్ల! అంతకంటే పెద్ద సంగతి, దానికి దీవిలో ఎమిలీ అనే స్నేహితురాలు దొరికింది. శ్రావణి మొదటి ఉత్తరం నేనే చూశాను. ‘గుడ్ మార్నింగ్ అండీ, హౌ ఆర్ యూ అండీ’ అని రాసింది. ఎమిలీ, పాపం, అదే దీని పేరనుకుంది. జవాబు ‘డియర్ అండీ’ అని వచ్చింది. బడిలో ఏడిపించడానికి వాడిన మాట ఇక్కడ ముద్దుపేరైంది. శ్రావణి ఆ పేరు మార్చమని ఎమిలీకి ఎప్పుడూ చెప్పలేదు.

మూడో శనివారం, కూర్చున్న రెండు నిమిషాలకే నా టేబుల్ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

“అమ్మా, మా ఇంట్లోకి ఎవరో వచ్చారు. నా బంతిపూల మడి మొత్తం పీకేసి క్రికెట్ పిచ్ వేశారు.”

వెళ్లి చూశాను. నిజమే, మడి ఉండాల్సిన చోట బారుగా పిచ్, రెండు చివర్లా వికెట్లు. గుమ్మం మీద బోర్డు మాత్రం ‘కె. శ్రావణి’ అనే ఉంది.

“నువ్వే ఏదో నొక్కి ఉంటావు. పోయిన వారం సేవ్ చేశావా?”

“చేశానమ్మా. ఒట్టు.”

“మరి పిచ్ ఆకాశం లోంచి పడిందా? సరిగ్గా చూసుకోవాలి శ్రావణీ.”

అది పిచ్ తవ్వేసి, మళ్లీ మడి కొలుచుకోవడం మొదలుపెట్టింది. నేను పద్ధతి ప్రకారం బగ్ రిపోర్టు రాశాను. ఆ సాయంత్రమూ సోమవారమూ నా ‘విజయ’ అనే పేరుతో, ‘టెస్ట్ వన్’, ‘టెస్ట్ టూ’ అనే ఉత్తుత్తి పేర్లతో ఇరవైసార్లు తోట వేశాను, సేవ్ చేశాను, బయటికొచ్చి మళ్లీ లోపలికి వెళ్లాను. ప్రతిసారీ నా తోట నాకు ఉంది. కెనాట్ రీప్రొడ్యూస్ అని నా చేత్తోనే రాసి మూసేశాను.

నాలుగో శనివారం మళ్లీ పిచ్ వచ్చింది. ఈసారి శ్రావణి నా దగ్గరికి రాలేదు. నేనే వెనక నుంచి చూశాను, పెదవులు బిగించుకుని వికెట్లు పీకుతోంది. సర్వర్ చూసుకునే యాదగిరిని పిలిచాను. యాదగిరిది శేరిలింగంపల్లే. ఆ ప్రాంతమంతా పొలాలుగా ఉన్నప్పటి నుంచీ తెలిసినవాడు.

“మేడమ్, పోయిన శనివారం రెండుసార్లు కరెంటు పోయింది. యూపీఎస్ గిట్ల దెబ్బతిని ఉంటది. పాత ఫైలు మీదికొచ్చి ఉంటది. ఫికర్ చేయకుండ్రి, నేను చూస్త” అన్నాడు.

యూపీఎస్ విప్పి చూశాడు. బ్యాటరీలు బాగానే ఉన్నాయి. పైగా, కరెంటు పోతే తోట పోవచ్చు కానీ క్రికెట్ పిచ్ ఎలా మొలుస్తుంది? ఆ ప్రశ్న ఇద్దరికీ తట్టింది. ఇద్దరం పైకి అనలేదు. ఆ వారం పని ఎక్కువగా ఉంది. పై శుక్రవారం నేను టెస్ట్ రిపోర్టు మీద సంతకం పెట్టాలి. దాన్ని సైన్ ఆఫ్ అంటారు. నేను చూశాను, పిల్లల చేతికి ఇవ్వొచ్చు అని టెస్టర్ ఒప్పుకోవడం. ఆ సంతకం పడితే దీవి ఆ దేశపు బళ్లలోకి వెళ్తుంది.

సోమవారం పొద్దున్నే మా మేనేజరు ఓబుల్‌రెడ్డిగారు గదిలోకి పిలిచారు. కడప జిల్లా మనిషి. మాట పెళుసుగా ఉన్నా మనసు మంచిది. చేతిలో ఈమెయిల్ ప్రింటు ఉంది.

“చూడుమ్మా విజయా. ఇంగ్లండు నుంచి కంప్లైంటు వచ్చింది. మన పిల్ల అక్కడి పిల్లకి మర్యాద లేకుండా ఉత్తరం రాసిందంట. ఆ పిల్ల ఏడ్చుకుంటా లైబ్రరీ నుంచి పోయిందంట.”

“మన పిల్లా? ఎవరండీ?”

ఆయన కాగితం నా వైపు తిప్పారు. ఎమిలీకి వచ్చిన ఉత్తరం. ‘ఇది నా ఇల్లు. నువ్వెవరు? నా ఇంట్లో కాగితాలు వేయొద్దు. వెళ్లిపో’ అని వచ్చీ రాని ఇంగ్లీషులో, అన్నీ పెద్ద అక్షరాల్లో ఉంది. కింద ‘కె. శ్రావణి’ అని ఉంది.

“పిల్లోళ్లు అన్నాక రాస్తారు. నేనేమీ అనను. కానీ ఆ పేరుని ట్రయల్ నుంచి తీసేయమని అడిగినారు. ఈ శనివారం పిల్లను తోలుకురావొద్దు. దీన్ని పెద్దది చేయొద్దమ్మా, శుక్రవారం సంతకాలు ఉండాయి.”

ఆ రోజంతా పని చేశానో లేదో నాకు గుర్తులేదు. సిగ్గు, దాని వెంట కోపం. నా పిల్ల వల్ల ఆఫీసుకి మాట వచ్చిందన్న సిగ్గు. ఇంటికి వెళ్లగానే చెప్పులైనా విడవకుండా ఆ కాగితం దాని ముందు పెట్టాను.

“ఏంటిది శ్రావణీ?”

అది చదివింది. రెండోసారి చదివింది. భయపడుతుందనుకున్నాను. బుంగమూతి పెడుతుందనుకున్నాను. దాని మొహంలో రంగు పోయింది.

“ఎమిలీకి వెళ్లిందా ఇది? అమ్మా, ఎమిలీ ఇది నేను రాశాననుకుందా?”

‘నేను రాయలేదు’ అనలేదు అది. తన మీద పడ్డ నింద దానికి పట్టలేదు, అవతలి పిల్ల ఏమనుకుందో అన్నదే పట్టింది. తప్పు చేసిన పిల్ల ముందు తనని కాపాడుకోవాలని చూస్తుంది. అంతవరకూ టెస్టర్ కళ్లతో చూసిన కాగితాన్ని అప్పుడు తల్లి కళ్లతో చూశాను. నాలుగు వాక్యాలున్నాయి. ఒక్క ‘అండీ’ లేదు. అమ్మమ్మకి రాసే కార్డులోనూ, పాలవాడికి పెట్టే చీటీలోనూ అండీ లేకుండా రాయడం రాని పిల్ల. కోపమొస్తే ‘వెళ్లిపోండి’ అంటుంది కానీ ‘వెళ్లిపో’ అనదు.

“నువ్వు రాయలేదు” అన్నాను.

“నేను ముందే చెప్పాను కదమ్మా, మా ఇంట్లోకి ఎవరో వస్తున్నారని” అంది. అప్పుడు ఏడ్చింది. దాన్ని దగ్గరికి తీసుకున్నాను. దాని మాటకి కెనాట్ రీప్రొడ్యూస్ అని రాసింది నేను.

మర్నాడు ఓబుల్‌రెడ్డిగారికి ఇదే చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టారు.

“ఏమ్మా, అండీ లేదని బగ్ రిపోర్టులో రాస్తావా? నేను నమ్ముతా. వాళ్లకి ఏమని చెప్పేది?”

ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. ఆధారం కావాలి. మళ్లీ రప్పించి చూపించాలి. బుధవారం బడి వదలగానే శ్రావణిని ఆఫీసుకి తీసుకెళ్లాను. ఇన్నాళ్లూ నేను దాని వెనక నిలబడినప్పుడల్లా అది అప్పటికే దీవిలో తన ఇంట్లో ఉండేది, తోటలో ఉండేది. ఈసారి కంప్యూటర్ ఆపేసి, కుర్చీ లాగి దాని పక్కన కూర్చున్నాను.

“శనివారం వచ్చినప్పుడు ఏం చేస్తావో మొదట్నుంచీ చెయ్యి. నేను ఏమీ అనను. ఏమీ అడ్డుపడను.”

కంప్యూటర్ ఆన్ చేసింది. దీవి తెరిచింది. నీ పేరేమిటి అన్న చోట, ఒక్కో వేలితో వెతుక్కుంటూ కె కొట్టింది, చుక్క పెట్టింది, శ్రావణి అని కొట్టింది.

“ఇంటిపేరు అక్షరం ఎందుకు పెట్టావమ్మా?”

“రిజిస్టర్‌లో అలాగే ఉంటుంది కదా. బడిలో ఉట్టి శ్రావణి అని రాస్తే మిస్ మళ్లీ రాయమంటారు. మా క్లాసులో ముగ్గురు శ్రావణులున్నారు.”

మా ఇంటిపేరు కడియాల. కె చుక్క శ్రావణి. మేం టెస్టర్లం పెట్టుకున్న ఏ పేరులోనూ చుక్క లేదు. ఇంగ్లండు లైబ్రరీ పిల్లలు ఎమిలీ, పీటర్ అని పెట్టుకున్నారు, అందులోనూ చుక్క లేదు. “యాదగిరీ” అని కేకేశాను. “సర్వర్‌లో పిల్లల ఇళ్ల ఫైళ్లు ఎక్కడుంటాయో ఒకసారి తీయి.”

ఒక్కో ఇంటికి ఒక్కో ఫైలు ఉండాలి. ఫైలు పేరు పిల్ల పేరే. యాదగిరి జాబితా తెర మీదికి తెచ్చి, వేలు పెట్టి కిందికి దిగుతూ ఆగిపోయాడు.

“జర ఆగుండ్రి మేడమ్. గీడ శ్రావణి పేరే లేదు. ‘కె’ అని ఉత్త అక్షరం ఒకటున్నది.”

“చుక్క తర్వాత ఉన్నదంతా వదిలేసింది” అన్నాను.

“ఔ. చుక్క చూడంగనే పేరు ఐపోయింది అనుకుంటున్నది.” యాదగిరి నా వైపు తిరిగాడు. “మరి ఇంకొక కె ఎవలన్న ఉంటే?”

రెండో జట్టు జాబితా తీశాను. ఒక్కడే ఉన్నాడు. కె. ఫణీందర్. మా అకౌంటెంటు రాజేందర్‌గారి అబ్బాయి, ఎనిమిదేళ్లు, రెండో శనివారం నుంచి వస్తున్నాడు. వాడూ మా శ్రావణిలాగే బడి రిజిస్టర్ చూసి పేరు రాసుకున్నాడు. దీవి ఇద్దరి పేర్లలోనూ కె ఒక్కటే ఉంచుకుని, ఇద్దరికీ ఒకే ఇల్లు ఇచ్చింది. ముందు వచ్చిన శ్రావణి పేరే గుమ్మం బోర్డు మీదా, ఆ ఇంటి నుంచి వెళ్లే ఉత్తరాల కిందా పడుతోంది. రెండున్నరకి ఒకరు, నాలుగింటికి ఒకరు. ఒకళ్ల సంగతి ఒకళ్లకి తెలియదు.

గురువారం సాయంత్రం రాజేందర్‌గారు కొడుకుని స్కూటరు మీద తీసుకొచ్చారు. వాడు భయంభయంగా నిలబడ్డాడు.

“ఫణీ, నీ ఇంట్లో మొక్కలు ఉండేవా నాన్నా?” అని అడిగాను.

“ఉంటుండె ఆంటీ. పీకేసి పిచ్ వేసిన. మల్ల వారం వచ్చేసరికి ఎవలో పిచ్ తవ్వేసి పూలు పెడుతున్రు. నాన్నకు చెప్తే నువ్వే ఏదో ఒత్తినవ్ అన్నడు.”

రాజేందర్‌గారు నేల చూశారు. నేనూ అదే నేల చూశాను.

“మరి గుమ్మం మీద కె. శ్రావణి అని బోర్డు ఉంది కదా, చూడలేదా?”

“చూసిన. ఇంటి ఓనరు అనుకున్న.”

“ఓనరా?”

“మా ఇంటి గేటుకు కూడ ఓనరు పేరే ఉంటది ఆంటీ. మేం కిరాయికుంటం.”

యాదగిరి సర్వర్ గదిలోంచి పగలబడి నవ్వడం వినిపించింది. శ్రావణి మాత్రం నవ్వలేదు. రెండడుగులు ముందుకొచ్చి, “మీరేనా అండీ మా ఎమిలీని వెళ్లిపొమ్మన్నది?” అని తనకంటే రెండేళ్లు చిన్నవాణ్ణి నిలదీసింది. వాడు బిక్కమొహం వేసి, “నా ఇంట్ల ఎవలో కాగితాలు వేస్తున్రు అనుకున్న అక్కా” అన్నాడు. అక్కా అన్న మాటతో మా పిల్ల కోపం సగం దిగిపోవడం నేను కళ్లారా చూశాను.

అన్నీ వరసగా రాసి ఓబుల్‌రెడ్డిగారికిచ్చాను. రిపోర్టులో తీవ్రత అని ఒక గడి ఉంటుంది. ఒకటో నంబరంటే పని ఆగిపోవాల్సినంత పెద్దది. నేను ఒకటి వేశాను. ఆయన చదివి కుర్చీలో వెనక్కి వాలారు.

“బాగా పట్టినావు. సరే, పేర్లలో చుక్క పెట్టొద్దని ముందు పేజీలో ఒక లైను రాసేద్దాము. రేపు సంతకం పెట్టేయి.”

“పెట్టలేనండి.”

“ఏమి?”

“పిల్ల తన పేరు తను రాసుకోవడం తప్పెలా అవుతుందండీ? ఎనిమిదేళ్ల పిల్లలు ముందు పేజీ చదువుతారా? రేపు ఇంకెక్కడో ఇద్దరు పిల్లలకి ఒకే ఇల్లు వస్తుంది. ఒకరి ఉత్తరాలు ఇంకొకరు చదువుతారు. ఏ పిల్ల ఏం దాచుకుని రాసుకుంటుందో మనకేం తెలుసు? మా శ్రావణికి ఆఫీసులో పనిచేసే తల్లి ఉంది కాబట్టి నింద పోయింది. మిగతా పిల్లలకి ఎవరున్నారు?”

“ఆలస్యమైతే క్లయింటు మనల్ని వదిలేసి పోతాడు విజయా. పదకొండుమంది ఉండారు ఇక్కడ.”

“తెలుసండి. అందులో నేనూ ఉన్నాను.”

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లారు. బయట బండలు పగలగొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. వెనక్కి తిరిగి, “నువ్వే చెప్పు వాళ్లకి. ఫోను నీ ముందు పెడతా. నేను అడ్డం రాను” అన్నారు.

శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకి ఫోను కలిసింది. అవతల హెలెన్ అనే ఆవిడ, దీవి బాధ్యత మొత్తం ఆవిడదే. స్పీకర్ పెట్టి అందరం చుట్టూ నిలబడ్డాం. నా ఇంగ్లీషు కాకినాడ ఇంగ్లీషు. అంతకుముందు క్లయింటుతో ఎప్పుడూ మాట్లాడింది లేదు. ముందు ఆవిడే ఆ మర్యాద లేని ఉత్తరం సంగతి ఎత్తింది, ఆ పిల్లని తీసేశారా అని అడిగింది.

“తీసేసే ముందు మీరు ఒక్క పని చేయాలి” అన్నాను. “మీ కంప్యూటర్ మీద ఎ చుక్క మేరీ అనే పేరుతో కొత్తగా దీవిలోకి వెళ్లండి. గుమ్మం ముందు ఒక మొక్క నాటి, సేవ్ చేసి బయటికి రండి.”

కీలు నొక్కుతున్న చప్పుడు వినబడింది. “అయింది” అంది.

“ఇప్పుడు ఎ చుక్క పీటర్ అనే ఇంకో పేరుతో వెళ్లండి. కొత్త పిల్లవాడు. వాడి ఇల్లు ఖాళీగా ఉండాలి.”

మళ్లీ కీల చప్పుడు. తర్వాత ఏమీ వినబడలేదు. లింకు తెగిపోయిందేమోనని యాదగిరి తీగ ముట్టుకుని చూశాడు. అంతలో హెలెన్ గొంతు వినబడింది, చాలా మెల్లగా.

“ఇక్కడ మేరీ మొక్క ఉంది.”

“అవును మేడమ్. మా దగ్గర మేరీ పేరు శ్రావణి. మా అమ్మాయి. ఆ ఉత్తరం తను రాయలేదు.”

ఆవిడ ఎవరినో పిలిచి తెర చూపించడం వినిపించింది. వెనక రెండు మూడు గొంతులు. మళ్లీ లైనులోకొచ్చి, ఇది బళ్లలోకి వెళ్లాక బయటపడి ఉంటే మేం ఒక్క తల్లికీ మొహం చూపించలేకపోయేవాళ్లం, రిలీజ్ ఆపేస్తున్నాం, సరిచేయడానికి ఎన్ని రోజులు కావాలి అని అడిగింది. ఓబుల్‌రెడ్డిగారు ముందుకు వంగి, “వన్ వీక్, మేడమ్” అన్నారు. “టేక్ ఇట్” అంది ఆవిడ. ఆ తర్వాత ఆవిడ అన్న మాట గదిలో అందరూ విన్నారు. “ప్లీజ్ టెల్ యువర్ డాటర్ ఐ యామ్ సారీ.”

ఫోను పెట్టేశాం. తర్వాత ఓబుల్‌రెడ్డిగారు, “ఇగ స్వీట్లు తెప్పించు యాదగిరీ” అని యాదగిరి భాషలోనే అన్నారు, గది గదంతా కేకలు. నేను సర్వర్ గదిలోకి వెళ్లి ఆ చల్లగాలిలో ఒక నిమిషం ఒంటరిగా నిలబడి, కళ్లు తుడుచుకుని వచ్చాను.

వారంలోపే సరిచేశారు. పేరు పిల్లలిష్టం, ఎన్ని చుక్కలైనా పెట్టుకోవచ్చు. ఫైలుకి మాత్రం పేరు బదులు లోపల ఒక సంఖ్య ఉంటుంది. పై శనివారం శ్రావణి దీవిలోకి వెళ్లేసరికి ఉత్తరాల పెట్టెలో రెండు ఉత్తరాలున్నాయి. ఒకటి హెలెన్‌ది. రెండోది ‘డియర్ అండీ’ అని మొదలైంది. దాన్ని నేను చదవలేదు. చదవనా అని అడిగితే, “మా ఇద్దరిదీ అమ్మా” అంది, తెరకి చెయ్యి అడ్డం పెట్టుకుని. ఫణీకి కొత్త ఇల్లిచ్చారు. నాలుగింటికి వాడు రాగానే శ్రావణి కుర్చీ వదలకుండా పక్కకి జరిగి, పిచ్ పొడవు ఎన్ని గజాలుండాలో లెక్క వేయించింది. వాడు అంతవరకూ అంచనాకే వేస్తున్నాడట.

ఆ సాయంత్రం నేను టెస్ట్ రిపోర్టు మీద సంతకం పెట్టాను. ఉద్యోగంలో ఎన్నో సంతకాలు పెట్టాను కానీ, చెయ్యి అంత తేలిగ్గా కదిలింది ఆ ఒక్కసారే. దీవి బళ్లలోకి వెళ్లింది. క్లయింటు మమ్మల్ని వదిలి పోలేదు, మరుసటి ఏడాది ఇంకో పనిచ్చాడు.

ఆ తర్వాత నేను ఇంకెన్నో కంపెనీల్లో పనిచేశాను, నా కింద టెస్టర్ల జట్లు వచ్చాయి. కంప్యూటర్ ముందు కూర్చునే పిల్లల గురించి ఎవరైనా తల్లిదండ్రులు బెంగపడితే, వద్దనండి అని గానీ, మంచిదే కూర్చోనివ్వండి అని గానీ నేను చెప్పలేను. పక్కన కుర్చీ వేసుకుని మొదట్నుంచీ చూడండి అని మాత్రం చెప్తాను. నేను మూడు వారాలు ఆలస్యంగా చేసిన పని అది. నా జట్లలో కెనాట్ రీప్రొడ్యూస్ అని రాయాలంటే ఒక షరతు పెట్టాను. కంప్లైంటు చేసిన మనిషి పక్కన ఒకసారి కూర్చుని వచ్చాకే రాయాలి.

కొత్తవాళ్లని తీసుకునేటప్పుడు ఇంటర్వ్యూలో ఈ కథే ప్రశ్నగా అడుగుతాను. ఒక చిన్నపిల్ల వచ్చి తన ఇంట్లోకి ఎవరో వస్తున్నారంది. మీరు ఇరవైసార్లు చేసి చూశారు, రాలేదు. ఇప్పుడేం చేస్తారు? చాలామంది లాగ్ ఫైళ్లు చూస్తామంటారు, నెట్‌వర్క్ చూస్తామంటారు. ఒకసారి మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన అమ్మాయి, అదే మొదటి ఇంటర్వ్యూ అట, కాసేపు ఆలోచించి, “ఆ పాపకు ముందు సారీ చెప్త మేడమ్. ఇరవైసార్లు నేనే చేసిన గని, పాపను ఒక్కసారి కూడ చేసి చూపియ్యమని అడగలే కదా” అంది.

ఇంకో ప్రశ్న అడగకుండా ఆ అమ్మాయిని తీసుకున్నాను.